కారు రేడియోకి పాత ఐపాడ్ కలిపిన రోజు

మా కారులో ఉన్నది కంపెనీ బిగించి ఇచ్చిన రేడియోనే. ఎఫ్‌ఎం వస్తుంది, ఒక సీడీ పడుతుంది, అంతే. యూఎస్‌బీ లేదు, బ్లూటూత్ లేదు, కనీసం ఆక్స్, అంటే బయటి ప్లేయర్‌ని తీగతో కలిపే రంధ్రం, కూడా లేదు. నా దగ్గరేమో 2009లో వచ్చిన 160 జీబీ ఐపాడ్ క్లాసిక్, అంటే ఆపిల్ వాళ్ల పాటల ప్లేయర్, ఉంది. ఏళ్ల తరబడి కొన్న సీడీలు, క్యాసెట్ల నుంచి సాయంత్రాలు కూర్చుని ఒక్కొక్కటిగా ఎక్కించుకున్న పాటలు అన్నీ అందులోనే ఉన్నాయి. వాటితో పాటు అమ్మ పాడుతుంటే నేను రికార్డు చేసుకున్న నాలుగు పాటలు కూడా ఉన్నాయి. అమ్మ ఇప్పుడు లేదు. ఆ నాలుగూ నాకు మిగతా వేల పాటల కంటే ఎక్కువ.

ఐపాడ్ క్లాసిక్ తయారీని ఆపిల్ 2014లోనే ఆపేసింది. అయినా నాది ఈ రోజుకీ బాగానే పనిచేస్తోంది. కారు కూడా అంతే, ఇంజిన్‌కి ఏ లోటూ లేదు. పాటల కోసం ఈ రెండింట్లో దేన్నీ మార్చాలనిపించలేదు.

మొదట ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్ వాడాను. సిగరెట్ లైటర్ సాకెట్‌లో గుచ్చుకునే చిన్న వస్తువు అది. ఖాళీగా ఉన్న ఫ్రీక్వెన్సీ ఒకటి చూసి రేడియోని అక్కడ పెడితే పాట వస్తుంది. కానీ పది నిమిషాలు ప్రయాణించేసరికి అదే ఫ్రీక్వెన్సీలో ఇంకో స్టేషన్ తగిలేది. సగం పాటలో ఎవరో వార్తలు చదివేవారు. పైగా ఎఫ్‌ఎం ప్రసారంలో శబ్దం 15 కిలోహెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది, అంతకంటే సన్నటి శబ్దాలు రావు, దాంతో పాటలో మోగే తాళాల మెరుపు పోతుంది. నెల రోజులు భరించి తీసేశాను.

రేడియోనే మార్చేద్దామా అని కూడా చూశాను. బయట దొరికే రేడియోలకి ఒక ప్రామాణిక కొలత ఉంది, 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 మిల్లీమీటర్ల ఎత్తు. మా డాష్‌బోర్డులో రేడియో ముఖం వంపు తిరిగి, ఏసీ నాబ్‌లతో కలిసిపోయి ఉంటుంది. గడియారం కూడా ఆ తెర మీదే కనిపిస్తుంది. స్టీరింగ్ మీది బటన్లు దానితోనే మాట్లాడతాయి. అది పీకి వేరేది పెడితే చుట్టూ ఖాళీలు, వాటికి అతుకులు తప్పవు. అది నాకు ఇష్టం లేదు.

మిగిలిన దారి, రేడియో వెనక సీడీ ఛేంజర్ కోసం, అంటే చాలా సీడీలు పెట్టుకుని కావాల్సింది మార్చి వినిపించే పెట్టె కోసం వదిలిన సాకెట్. ఆ రోజుల్లో చాలా కార్లకి డిక్కీలోనో సీటు కిందో ఆరు సీడీల ఛేంజర్ పెట్టుకునే వీలు ఉండేది. మా కారుకి ఆ ఛేంజర్ లేదు కానీ సాకెట్ మాత్రం ఉంది. దానికి తగిలించే చిన్న పెట్టె ఒకటి దొరుకుతుంది. రేడియో "ఛేంజర్ ఉందా?" అని అడిగితే ఈ పెట్టె "ఉన్నాను" అంటుంది. రేడియో "తరువాతి పాట" అంటే దాన్ని ఐపాడ్‌కి అర్థమయ్యే భాషలోకి మార్చి పంపుతుంది. అంటే సీడీ ఛేంజర్ అనుకుని రేడియో ఐపాడ్‌ని నడుపుతుందన్నమాట. కార్ల కంపెనీలే ఇలాంటివి అమ్మిన రోజులున్నాయి, బీఎండబ్ల్యూ 2004లోనే ఆపిల్‌తో కలిసి ఐపాడ్ అడాప్టర్ తెచ్చింది.

ఇదంతా ఐపాడ్ అడుగున ఉండే 30 పిన్నుల సాకెట్ వల్లే కుదురుతోంది. 2003లో వచ్చిన ఈ సాకెట్‌లో ఒకే తీగ మీద మూడు పనులు జరుగుతాయి. ఛార్జింగ్ వెళ్తుంది, కంట్రోల్ సంకేతాలు వస్తూ పోతూ ఉంటాయి, పాట బయటికి వస్తుంది. అన్నిటికంటే ముఖ్యం ఆ మూడోది. హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి తీసుకుంటే ఐపాడ్ వాల్యూమ్ ఎంత పెట్టామన్నదాన్ని బట్టి శబ్దం మారుతుంది, ఎక్కువ పెడితే చిట్లుతుంది. ఇక్కడ అలా కాదు. ఈ సాకెట్ నుంచి పాట బయటికి వచ్చే దారిని లైన్ అవుట్ అంటారు, దాని స్థాయి ఎప్పుడూ ఒకటే, వాల్యూమ్ చూసుకునేది రేడియో ఒక్కటే. వైర్లతో ఇంత శ్రమ ఎందుకంటే దీని కోసమే.

పెట్టె తెప్పించాక నేను పెట్టుకున్న షరతు ఒకటే. కారులో కంపెనీ వైరు ఒక్కటి కూడా తెంపకూడదు, ఒక్క చోట కూడా డ్రిల్ పెట్టకూడదు. రేపు ఏదైనా తేడా వస్తే మొత్తం తీసేసి కారుని మొదట ఎలా ఉందో అలా నిలబెట్టగలగాలి.

సెలవు రోజు పొద్దున్నే మొదలుపెట్టాను. టార్చి పట్టుకోవడానికి మా అమ్మాయి వచ్చింది. ముందు చేసిన పని రేడియో కోడ్ వెతకడం. బ్యాటరీ తీసి మళ్లీ పెడితే కొన్ని రేడియోలు దొంగతనం అనుకుని కోడ్ అడుగుతాయి. మాది కారు పుస్తకంలో పెట్టిన కార్డు మీద ఉంది. దాన్ని ఫోన్‌లో ఫోటో తీసుకున్నాకే బానెట్ ఎత్తాను. పది నంబరు స్పానర్‌తో బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ వదులు చేసి, మళ్లీ తగలకుండా గుడ్డ చుట్టి పక్కకి పెట్టాను. వెంటనే డాష్‌బోర్డు మీద చెయ్యి వేయలేదు. ఎయిర్‌బ్యాగ్ సర్క్యూట్‌లో మిగిలిన విద్యుత్తు దిగిపోవాలి కదా, పావుగంట ఆగాను. ఈ పావుగంట ఎవరూ తగ్గించుకోవద్దు.

ఆ తరువాత పలకలు ఊడదీయాలి. స్క్రూడ్రైవర్ పెడితే గీతలు పడతాయని ప్లాస్టిక్ చెక్కలు తెచ్చుకున్నాను. సందులో చెక్క దూర్చి మెల్లగా పైకి లేపుతుంటే లోపలి క్లిప్పు ఒక్కసారిగా "టప్" మంటుంది. మొదటిసారి ఆ చప్పుడు వినగానే ఏదో విరిగిందని గుండె ఆగినంత పనైంది. విరగలేదు, క్లిప్పు వదలడం అంటే అదే. రెండోది, మూడోది ఊడాక చెయ్యి అలవాటు పడింది. ఒక మూల నుంచే గట్టిగా లాగకుండా చుట్టూ కొంచెం కొంచెంగా వదులు చేసుకుంటూ రావాలి. గేర్ దగ్గర పలక అడ్డం వస్తుంటే హ్యాండ్‌బ్రేక్ వేసి గేర్‌ని వెనక్కి లాగాను, అప్పుడు తేలిగ్గా వచ్చింది.

పలక వెనక హజార్డ్ లైటు స్విచ్చి, ఎయిర్‌బ్యాగ్ సూచిక దీపం రెండూ వైర్లతో వేలాడుతున్నాయి. వాటిని విప్పేముందు మాస్కింగ్ టేప్ ముక్కలు అంటించి పేర్లు రాశాను. రాసింది మా అమ్మాయే, పక్కన చిన్న బొమ్మలు కూడా వేసింది.

రేడియోకి నాలుగు స్క్రూలు. అవి తీసి ముందుకి లాగితే ఓ జానెడు వచ్చి ఆగింది. వెనక యాంటెన్నా వైరు పొట్టిగా ఉంది. చెయ్యి దూర్చి తడుముకుంటూ దాన్ని ఊడదీశాక పెద్ద ప్లగ్గు మిగిలింది. ఇలాంటి ప్లగ్గులకి పైన చిన్న నాలుక లాంటి తాళం ఉంటుంది. దాన్ని బొటనవేలితో లోపలికి నొక్కి పట్టుకుని ప్లగ్గుని పట్టుకు లాగాలి, వైర్లని పట్టుకు లాగకూడదు. నా బొటనవేలు అక్కడ పట్టడానికి పది నిమిషాలు పట్టింది. గోరు అంచు ఎర్రగా కందిపోయింది. చివరికి రేడియోని కొంచెం వెనక్కి తోసి, ప్లగ్గు మీద బరువు తగ్గించాక నొక్కితే, వెన్నలోంచి వెంట్రుక తీసినట్టు వచ్చేసింది. లాగుతున్నంతసేపూ తాళం బిగుసుకుంటుందని అప్పుడు అర్థమైంది.

ఛేంజర్ సాకెట్ దుమ్ము కూడా పట్టకుండా కొత్తగా ఉంది. ఇన్నేళ్లుగా ఎవరి కోసమో ఎదురు చూస్తున్నట్టు అనిపించింది. పెట్టె నుంచి వచ్చే ప్లగ్గు దానికి పెట్టాను. పెట్టెకి కరెంటు కూడా ఆ సాకెట్ నుంచే వస్తుంది. విడిగా ఉన్నది ఒక్క నల్ల వైరు, అంటే కారు లోహానికి తగిలించే ఎర్త్. దాని చివర ఉంగరం లాంటి టెర్మినల్ ఉంది. గ్లవ్ బాక్స్ వెనక ఒక లోహపు పట్టీకి స్క్రూ కనిపిస్తే అక్కడ బిగించాను. ఈ స్క్రూ సంగతి మళ్లీ చెప్తాను.

అన్నీ మూసేయకముందే పరీక్ష చేయాలనుకున్నాను. హజార్డ్ స్విచ్చి, ఎయిర్‌బ్యాగ్ దీపం ప్లగ్గులు రెండూ తిరిగి పెట్టాను. అవి విప్పి ఉండగా ఇగ్నిషన్ వేస్తే ఎయిర్‌బ్యాగ్ హెచ్చరిక లైటు వెలుగుతుంది, దాన్ని ఆర్పడానికి మళ్లీ కారు కంప్యూటర్‌కి తగిలించే స్కానర్ కావాలి. బ్యాటరీ తగిలించాను, కోడ్ కొట్టాను, రేడియో పలికింది. సీడీ బటన్ రెండుసార్లు నొక్కితే ఛేంజర్ రావాలి. రాలేదు. ఎన్నిసార్లు నొక్కినా సీడీ, సీడీ, సీడీ.

పెట్టె మీద నాలుగు చిన్న స్విచ్చిలు ఉన్నాయి. ఏ కారు, ఏ రకం రేడియో అన్నది వాటితోనే చెప్పాలి. పుస్తకం మళ్లీ చూస్తే మూడోది తప్పు వైపు ఉంది. పేనా మొనతో జరిపాను. అయినా రాలేదు. ఇక్కడ ఓ అరగంట పోయింది. ప్లగ్గులు తీసి పెట్టాను, ఇంకో కేబుల్‌తో చూశాను, ఐపాడ్ రీసెట్ చేశాను. టెన్షన్ మొదలైంది. అసలు సంగతేమిటంటే ఆ స్విచ్చిలు ఎటు ఉన్నాయో పెట్టె కరెంటు వచ్చిన క్షణంలో ఒక్కసారే చూసుకుంటుంది. నేను కరెంటు ఉండగానే జరిపాను కాబట్టి దానికి తెలియలేదు. ప్లగ్గు తీసి పది లెక్కపెట్టి మళ్లీ పెట్టాను. తెర మీద "డిస్క్ 1, ట్రాక్ 1" అని వచ్చింది. ఐపాడ్ తెర మీద టిక్ గుర్తు పడింది. మా అమ్మాయి టార్చి వదిలేసి చప్పట్లు కొట్టింది.

నా పెట్టెలో డిస్క్ 1 నుంచి 5 వరకు ఐదు ప్లేలిస్టులు, ఆరోది మొత్తం పాటలు. రేడియో తెరకి పేర్లు చూపించడం తెలియదు, అంకెలే. అందుకని ముందు రోజు రాత్రే కూర్చుని ఐదు ప్లేలిస్టులు తయారు చేసుకున్నాను, ఒక్కోదాంట్లో 99 పాటలు దాటకుండా. ట్రాక్ నంబరుకి రెండంకెల చోటే ఉంది మరి. అమ్మ పాటలు ఐదో డిస్క్‌లో మొదట పెట్టాను.

ఇక తీగ బయటికి తేవాలి. గ్లవ్ బాక్స్ రెండు పక్కల గోడల్ని లోపలికి నొక్కితే కిందికి వాలిపోతుంది. దాని వెనక పై మూలలో వేలు పట్టేంత సందు ఉంది. అందులోంచి ఐపాడ్ కేబుల్ లోపలికి వచ్చింది, డ్రిల్ అవసరమే రాలేదు. తీగ ఎటు నుంచి తేవాలన్నది మాత్రం తొందరపడి తేల్చే విషయం కాదు. పైన ప్రయాణికుడి ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది, దాని మీదుగా గాని ముందు నుంచి గాని ఏదీ వెళ్లకూడదు. ఏసీ గాలి దారి మార్చే ప్లాస్టిక్ చేతులు లోపల కదులుతుంటాయి, వాటిలో తీగ ఇరుక్కోకూడదు. డ్రైవర్ వైపు పెడల్స్ దగ్గరికి అసలు పోనీయకూడదు. అప్పటికే ఉన్న కంపెనీ వైర్ల కట్ట వెంట నడిపించి జిప్ టైలతో కట్టాను. పెట్టె కదిలి గడగడలాడకుండా చుట్టూ మెత్తటి ఫెల్ట్ టేప్ చుట్టి, ఒక ప్లాస్టిక్ పట్టీకి కట్టేశాను. కొన్నాళ్లు పోయాక డాష్‌బోర్డులోంచి చప్పుడు వస్తే వెతకడం ఎంత కష్టమో అనుభవం ఉన్నవాళ్లకి తెలుసు.

అన్నీ మూసి, క్లిప్పులు ఒక్కొక్కటి అరచేత్తో నొక్కి, ఇంజిన్ స్టార్ట్ చేశాను. మొదటి డిస్క్ బ్రహ్మాండంగా ఉంది. ఇన్నేళ్లుగా ఇంట్లో చిన్న స్పీకర్లలో విన్న పాటలు నాలుగు తలుపుల నుంచి నిండుగా వచ్చాయి. తరువాత ఐదో డిస్క్ నొక్కాను.

అమ్మ పాటలు చాలా నెమ్మది. వంటింట్లో పని చేసుకుంటూ తనకోసం పాడుకుంటుంటే తీసినవి, మైకు దూరంగా ఉంది. వాల్యూమ్ బాగా పెంచాలి. పెంచితే ఆమె గొంతు వెనక సన్నగా "కుయ్" మని ఒక కూత. యాక్సిలరేటర్ నొక్కితే కూత పైకి లేచింది. వదిలితే దిగింది. మామూలు పాటల హోరులో అది వినపడనే లేదు. ఇక్కడ ఆమె గొంతు మీదే కూర్చుంది.

ఇంజిన్ ఆపి తాళం మాత్రం ఆన్‌లో ఉంచితే కూత లేదు. అంటే ఇంజిన్ తిరుగుతుంటే కరెంటు తయారుచేసే ఆల్టర్నేటర్ నుంచి వస్తోంది. ఆంప్లిఫయర్లు రిపేరు చేసే మా బావమరిదికి ఫోన్ చేశాను. అంతా విని ఒకటే అడిగాడు.

"బావా, నల్ల వైరు ఎక్కడ బిగించావ్?"

"గ్లవ్ బాక్స్ వెనక పట్టీకి."

"రేడియో ఎర్త్ ఎక్కడుంది?"

"తెలీదురా, దాని ప్లగ్గులోనే ఉంటుందేమో."

"అదే మరి. రెండు ఎర్త్‌లు రెండు చోట్ల ఉన్నాయి. ఆ రెండు చోట్ల మధ్య తేడా ఉంటే అది నీ పాటలోకి వచ్చేస్తుంది. రెంటినీ ఒకే చోటికి తీసుకురా."

మళ్లీ అన్నీ విప్పాను. ఈసారి పలకలు పది నిమిషాల్లో ఊడాయి. ఇంజిన్ నడుస్తుండగా మల్టీమీటర్ ఒక కొస ఆ స్క్రూకి, ఇంకో కొస రేడియో లోహపు డబ్బాకి పెట్టి చూశాను. ఉండాల్సింది సున్నా. కొన్ని మిల్లీవోల్టులు అటూ ఇటూ ఆడుతున్నాయి. స్క్రూ తీసి చూస్తే పట్టీ మీద పెయింట్ ఉంది, లోహానికి లోహం సరిగ్గా ఆనడమే లేదు. కారు లోహపు శరీరం మొత్తం ఎర్త్ అని అనుకుంటాం గానీ, ఆల్టర్నేటర్ కరెంటు అదే శరీరం గుండా పోతున్నప్పుడు ఒక్కో చోట ఒక్కో రకంగా ఉంటుంది. ఐపాడ్ నుంచి రేడియోకి వెళ్లే సంకేతం చిన్నది, ఆ కొంచెం తేడా కూడా దానికి ఎక్కువే.

నల్ల వైరుని రేడియో వెనక లోహపు డబ్బా మీదే ఉన్న స్క్రూకి మార్చి బిగించాను. ఐదో డిస్క్ పెట్టి వాల్యూమ్ పెంచాను. ఇంజిన్ రేస్ చేశాను. కూత లేదు. అమ్మ గొంతు, దాని వెనక తిరుగుతున్న ఫ్యాను. ఫ్యాను ఒక్కో చుట్టుకి చేసే చిన్న కిర్రు చప్పుడు కూడా. ఇన్నేళ్లలో హెడ్‌ఫోన్స్‌లో ఎన్నిసార్లు విన్నానో, ఆ కిర్రుని ఎప్పుడూ గమనించలేదు. మూడో పాట మధ్యలో గిన్నె ఏదో కింద పెట్టి, గొంతు సవరించుకుని, పల్లవి మళ్లీ ఎత్తుకుంటుంది. అది పూర్తయ్యేదాకా సీట్లోంచి లేవలేదు. మా అమ్మాయి కూడా మాట్లాడలేదు.

ఆ రాత్రే కంప్యూటర్‌లో ఆ నాలుగు పాటలకి మాత్రం విడిగా వాల్యూమ్ పెంచి పెట్టాను. ఐపాడ్‌లోకి పాటలు ఎక్కించే ఐట్యూన్స్‌లో పాట వివరాల్లో ఆ వీలు ఉంది. దాంతో డిస్క్ మారినప్పుడల్లా నాబ్ తిప్పే అవసరం తగ్గింది. ఐపాడ్‌లో ఈక్వలైజర్ కూడా ఆపేశాను. బాస్, ట్రెబుల్ రేడియోలో ఒక్కచోటే సర్దుకోవడం మంచిది, రెండు చోట్లా పెంచితే శబ్దం బురద బురదగా ఉంటుంది.

ఒక అనుమానం మిగిలింది. కారు ఆగి ఉన్నప్పుడు ఈ పెట్టె బ్యాటరీని తాగేస్తే? మర్నాడు నెగటివ్ టెర్మినల్‌కి, వైరుకి మధ్య మల్టీమీటర్‌ని పది ఆంపియర్ల రేంజిలో పెట్టి, తలుపులన్నీ మూసి అరగంట వదిలేశాను. కారులోని కంప్యూటర్లన్నీ నిద్రపోవడానికి అంత సమయం కావాలి, వెంటనే చూస్తే పెద్ద అంకె కనిపించి కంగారు పెడుతుంది. అరగంట తరువాత 28 మిల్లీఆంపియర్లు చూపించింది. సాధారణంగా 50 లోపు ఉంటే పరవాలేదంటారు. కారు ఆపి తాళంచెవి తీయగానే ఐపాడ్ తనంతట తాను పాట ఆపుతోంది, ఛార్జింగ్ కూడా ఆగిపోతోంది. మళ్లీ తాళం తిప్పితే ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే అందుకుంటోంది.

ఎండలో కారు నిలిపినప్పుడు మాత్రం ఐపాడ్‌ని తీసి జేబులో వేసుకుంటున్నాను. లోపల తిరిగే హార్డ్ డిస్క్ ఉన్న వస్తువు అది. వాడకానికి 35 డిగ్రీలు, ఊరికే ఉంచడానికి 45 డిగ్రీలు దాటొద్దని ఆపిలే చెప్పింది. అద్దాలు మూసిన కారులో గ్లవ్ బాక్స్ అంతకంటే వేడెక్కుతుంది. అమ్మ పాటలకి ఇంట్లో రెండు చోట్ల కాపీలు పెట్టాను.

మాస్కింగ్ టేప్ ముక్కలు రెండూ లోపలి వైర్ల మీద అలాగే వదిలేశాను, బొమ్మలతో సహా. ఈసారి డాష్‌బోర్డు విప్పాల్సి వస్తే ఏది ఎక్కడిదో తెలుస్తుంది.